అర సెంటీమీటరు ఇసుక, ఆరు సెంటీమీటర్ల నీడ

చెన్నై తిరువాన్మియూర్ బీచ్‌లో పొడి ఇసుక మీద గాలి గీసిన గీతలు చూశారా? చీర కుచ్చిళ్ళలా వరసగా ఉంటాయి. జైసల్మేర్ ప్రయాణానికి ముందు రెండు ఆదివారాలు తెల్లారకముందే కెమెరా, పిల్లల స్కేలు పట్టుకుని ఆ గీతల పక్కన బోర్లా పడుకున్నాను. వాకింగ్‌కి వచ్చిన అక్క చూసి, "ఎడారికి పోయేవాడివి సముద్రం దగ్గరేం చేస్తున్నావురా?" అంది.

ఎడారి ఫొటోకి కావలసిన పాఠం అక్కడే ఉంది. ఇసుకంతా ఒకటే రంగు కాబట్టి, దాని ఒంపులు కంటికి తెలియాలంటే నీడ పడాలి. నేను కొలిచిన గీతల ఎత్తు అర సెంటీమీటరు. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని నీడ దాదాపు 6 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకి ఎక్కేసరికి ఒక సెంటీమీటరు కూడా ఉండదు. సముద్రం మీంచి పొద్దు పొడిచిన 20 నిమిషాలు గీతలన్నీ చెక్కినట్టు కనిపించాయి. ఎనిమిదిన్నరకి అదే చోట తీస్తే తెల్లటి చాప పరిచినట్టు వచ్చింది.

ఈ గీతలు ఎలా పడతాయి? గాలికి ఇసుక రేణువు దుమ్ములా పైకి లేచిపోదు. గెంతుతుంది. కింద పడ్డప్పుడు ఇంకొన్ని రేణువులని లేపుతుంది. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన రాల్ఫ్ బాగ్నాల్డ్ ఈజిప్టు, లిబియా ఎడారుల్లో కార్లు నడిపి, తర్వాత గాలి సొరంగంలో (గాలిని వేగంగా పంపే గొట్టం, విండ్ టన్నెల్) ప్రయోగాలు చేసి 1941లో ఈ సంగతులన్నీ పుస్తకంగా రాశాడు. గెంతే ఇసుకలో ఎక్కువ భాగం నేలకి జానెడు ఎత్తులోపే పోతుంది. గాలి వీచేటప్పుడు నిలబడి తీసేవాళ్ళకంటే పడుకుని తీసేవాళ్ళ లెన్సుకే దెబ్బ అందుకే.

తిన్నెకి గాలి తగిలే వైపు వాలు తక్కువ, 10 నుంచి 15 డిగ్రీలు. రేణువులు అంచు దాటి చాటు వైపు పడి జారుతాయి. అక్కడ వాలు 32–34 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇల్లు కడుతున్న చోట లారీ దించిన ఇసుక బాగా ఎండాక కుప్ప వాలు చూడండి, ఇంచుమించు అంతే. థార్‌లో ఇసుకని బాగా కదిలించేవి వేసవిలో నైరుతి నుంచి వచ్చే గాలులు. నిటారు ముఖాలు ఎక్కువగా ఈశాన్యానికి తిరిగి ఉండేది వాటివల్లే. చలికాలం సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు కాబట్టి వెలుగు ఆ ముఖాలని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. అంచుకి ఒక పక్క బంగారం, ఇంకో పక్క నీలం. ఆ నీలం కెమెరా తప్పు కాదు. నీడలో ఉన్న ఇసుకకి ఆకాశం వెలుగు ఒక్కటే అందుతుంది మరి. దాన్ని ఎడిటింగ్‌లో తీసేస్తే ఫొటో ప్రాణం పోతుందని నా గట్టి నమ్మకం.

టైము విషయంలో జాగ్రత్త. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. జైసల్మేర్ దానికి పదకొండున్నర డిగ్రీలు పడమర, అంటే సుమారు 46 నిమిషాలు వెనక. జనవరిలో చెన్నైలో ఆరున్నర ప్రాంతంలో వచ్చే సూర్యుడు అక్కడ ఏడుంబావు దాటితే గాని రాడు. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ తిన్నెలకి చేరడానికి ఆ తేడా బాగా పనికొచ్చింది.

ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుగు తీసుకోవాలన్నది, కెమెరాకే వదిలేస్తే ఇసుక మురికిగా వస్తుంది. ఎదుట ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగని దాని లెక్క. ముక్కాలు నుంచి ఒక స్టాప్ దాకా పెంచాలి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు).

నా నష్టం ఒకటి చెప్పాలి. తిన్నె మీద, లెన్సు ముందు బిగించే గాజు ఫిల్టర్‌కి అంటిన ఇసుకని బట్టతో తుడిచాను. వెంట్రుకంత గీత పడింది. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్, అది గాజుకంటే గట్టిది. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదాలి, తర్వాతే బట్ట. లెన్సు మార్చడమైతే అక్కడ వద్దే వద్దు.

చెన్నైలో ఏసీ గదిలోంచి బీచ్‌కి వస్తే లెన్సు మసకబారుతుంది కదా, అక్కడ చలిలోంచి వెచ్చని గదిలోకి వెళ్ళినప్పుడు అదే జరుగుతుంది. తిన్నె దిగకముందే కెమెరాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టాను. గదిలో గంటసేపటికి ఆ తడి కవర్ పైనే పట్టి ఆరిపోయింది, లెన్సు పొడిగానే ఉంది.