ఆసియాలో ప్రజాస్వామ్యం: సంస్కృతి, సంపదల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

చెన్నైలో రాజనీతిశాస్త్రం బోధించే నాకు తరగతి గదిలోనూ, ఇక్కడి తెలుగువారి సభల్లోనూ పదే పదే ఎదురయ్యే అభిప్రాయాలివి. బాగా చదువుకున్నవారు కూడా వీటిని గట్టిగా నమ్ముతున్నారు కనుక వివరంగా రాస్తున్నాను.

అపోహ: పెద్దలకు, పాలకులకు తలవంచడం ఆసియా సంస్కృతి, ప్రజాస్వామ్యం దానికి పొసగదు.

వాస్తవం: సింగపూర్ నేత లీ క్వాన్ యూ 1990లలో ఈ వాదానికి పేరు తెచ్చారు. దీనికి 1994లో జవాబు రాసిన కిమ్ డే జంగ్ దక్షిణ కొరియా సైనిక పాలనలో మరణశిక్ష పడి బయటపడిన ప్రతిపక్ష నాయకుడు. చెడ్డ పాలకుణ్ణి తొలగించే హక్కు ప్రజలకుందన్న ప్రాచీన చైనా తత్వవేత్త మెన్సియస్ బోధ, తూర్పు ఆసియాలో పాతుకున్న కన్ఫ్యూషియన్ సంప్రదాయంలోనే ఉందని గుర్తుచేసిన ఆయన 1998లో అధ్యక్షుడయ్యారు. సంస్కృతే అన్నీ నిర్ణయిస్తే, ఒకే వారసత్వం గల రెండు కొరియాల్లో రెండు విరుద్ధ వ్యవస్థలు ఎలా ఏర్పడ్డాయి?

అపోహ: ప్రజాస్వామ్యం మనకు చోళుల కాలం నుంచే ఉంది, ఉత్తిరమేరూరు శాసనాలే సాక్ష్యం.

వాస్తవం: కాంచీపురం జిల్లాలోని ఆ ఊరి గుడి గోడలపై ఉన్న పదో శతాబ్దపు శాసనాలు నిజంగా అపురూపమైనవి. గ్రామసభ సభ్యులను ఎంచుకునేందుకు తాటాకులపై పేర్లు రాసి, కుండలో వేసి, పిల్లవాడి చేత తీయించే పద్ధతిని, లెక్కలు అప్పజెప్పని పాత సభ్యులతో పాటు వారి బంధువులను కూడా అనర్హులను చేసిన నియమాన్ని అవి వివరిస్తాయి. అయితే అభ్యర్థికి శిస్తు కట్టే భూమి, సొంత ఇల్లు, వేద పరిజ్ఞానం ఉండాలి. వయసు 35, 70 ఏళ్ల మధ్య ఉండాలి. జవాబుదారీతనం అక్కడ ఉంది, సమానత్వం లేదు. ఆ సమానత్వం మనకు 1950లో రాజ్యాంగంతో వచ్చింది.

అపోహ: నియంతలే దేశాన్ని వేగంగా అభివృద్ధి చేస్తారు.

వాస్తవం: విజయం సాధించిన నియంతలనే లెక్కపెడితే అలా కనిపిస్తుంది. 1962 నుంచి సైన్యం గుప్పిట్లో ఉన్న బర్మా (నేటి మయన్మార్) 1987లో ఐక్యరాజ్యసమితి అల్పాభివృద్ధి దేశాల జాబితాకు చేరింది.

అపోహ: ముందు సంపద పెరగాలి, ప్రజాస్వామ్యం తరువాత దానంతటదే వస్తుంది.

వాస్తవం: అదే నిజమైతే, తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందువరుసలో ఉన్న సింగపూర్‌ను 1959 నుంచి ఒకే పార్టీ పాలించేది కాదు; ఐదోవంతు మందికి కూడా అక్షరాలు రాని 1951-52లో మన దేశం వయోజన ఓటుహక్కుతో ఎన్నికలు జరుపుకోగలిగేదీ కాదు. దక్షిణ కొరియాలో పారిశ్రామికాభివృద్ధి కార్మికవర్గాన్ని, విద్యావంతులైన మధ్యతరగతిని పెంచిన మాట నిజమే. కానీ 1987 జనవరిలో ఒక విద్యార్థి పోలీసు చిత్రహింసలకు బలయ్యాక, జూన్‌లో విద్యార్థులతో పాటు ఆఫీసు ఉద్యోగులు కూడా వీధుల్లోకి వస్తేనే అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు దక్కింది. మధ్యతరగతి ఎల్లవేళలా ప్రజాస్వామ్యం పక్షానే నిలుస్తుందనీ అనుకోలేం: థాయ్‌లాండ్‌లో 2014 నాటి సైనిక తిరుగుబాటును బ్యాంకాక్ మధ్యతరగతిలో చాలామంది స్వాగతించారు.

సంపద చేసే మేలు వేరొకటి ఉంది. రాజనీతి శాస్త్రవేత్తలు ఆడమ్ ప్రజెవోర్‌స్కీ, ఫెర్నాండో లిమోంగీ 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆదాయం పెరిగినంత మాత్రాన నియంతృత్వం కూలదు గాని, ఏ కారణం చేతనైనా ఏర్పడిన ప్రజాస్వామ్యం సంపన్న దేశంలో ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ నిర్ధారణ సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఆ నిలకడకు కూడా మనుషులు పూనుకోవాలి. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం (మార్షల్ లా) ప్రకటించగా, కొందరు సభ్యులు కంచెలు దూకి మరీ పార్లమెంటులోకి చేరుకున్నారు. కొన్ని గంటల్లోనే 190 మంది దాని రద్దుకు ఓటు వేశారు. 2025 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను పదవి నుంచి తొలగించింది.