వీఐ అన్నిచోట్లా ఒకటేనా? యునిక్స్ ఎడిటర్లపై అపోహలు - వాస్తవాలు

సర్వర్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్న వీఐ, ఆ సర్వర్‌లో ఎందుకు మొరాయిస్తోంది?" టెర్మినల్‌లో ఫైళ్లు రాయడానికి, మార్చడానికి వాడే ఎడిటర్ కమాండే ఈ వీఐ. తప్పు వాళ్ల చేతుల్లో లేదు.

అపోహ: వీఐ అంటే ఒకే ప్రోగ్రామ్.

అది కమాండ్ పేరు మాత్రమే. 1970ల్లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన అసలు వీఐ ఇప్పుడు చాలాచోట్ల కనిపించదు. మ్యాక్‌ఓఎస్‌లోనూ, ఎన్నో లినక్స్‌లలోనూ ఆ పేరు వెనక ఉన్నది విమ్ అనే మరో ఎడిటర్. యునిక్స్ కుటుంబానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ సిస్టమ్‌లలో ఎన్‌వీఐ అనే ఇంకో ఎడిటర్. ఆల్పైన్ లినక్స్‌లో బిజీబాక్స్ అనే చిన్న టూల్స్ కట్టతో వచ్చే చిన్న వీఐ. కొత్త మెషీన్‌లో ఫైల్ తెరవగానే కోలన్ కొట్టి 'వెర్షన్' అని టైప్ చేయండి. ఏది నడుస్తోందో తెలిసిపోతుంది.

అపోహ: చేసిన మార్పును రద్దుచేసే 'యు' కీ నొక్కేకొద్దీ ఒక్కో మార్పు వెనక్కి వెళ్తుంది.

విమ్ మామూలుగా అలాగే చేస్తుంది. ఎన్‌వీఐలో మాత్రం మొదటి 'యు' చివరి మార్పును తీసేస్తే, రెండో 'యు' దాన్నే తిరిగి తెస్తుంది. ఇంకా వెనక్కి పోవాలంటే ఒకసారి 'యు' నొక్కి, ఆ తర్వాత చుక్క నొక్కుతూ పోవాలి. ఒకసారి బీఎస్‌డీ మెషీన్‌లో ఫైర్‌వాల్ రూల్స్ ఫైల్‌లో మూడు మార్పులు చేసి, వద్దనుకుని 'యు' మూడుసార్లు నొక్కాను. చివరిది ఒక్కటే పోయింది, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. సేవ్ చేసేముందు ఫైల్ మొత్తం చదివే అలవాటు ఉండబట్టి బయటపడ్డాను. ఆ కాసేపు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

అపోహ: బాణం కీలు నొక్కితే ఏ, బీ, సీ, డీ అక్షరాలు పడుతున్నాయంటే కీబోర్డ్ పాడైనట్టే.

కీబోర్డ్‌కేమీ కాలేదు. బాణం కీ నొక్కినప్పుడు టెర్మినల్ పంపేది ఒక్క అక్షరం కాదు, ఎస్కేప్‌తో మొదలయ్యే వరస. పాత వీఐలా నడిచే మోడ్‌లో ఎడిటర్ ఆ ఎస్కేప్‌ను విడిగా తీసుకుని ఇన్సర్ట్ మోడ్ (అక్షరాలు టైప్ చేసే మోడ్) నుంచి బయటికి వచ్చేస్తుంది. వెనకే వచ్చే 'ఓ' కొత్త లైన్ తెరుస్తుంది, ఆ తర్వాతి అక్షరం అందులో పడుతుంది. డెబియన్ లినక్స్‌లో మొదట ఉండే విమ్-టైనీలో (విమ్‌కు చిన్న రూపం) ఇది మామూలే. మీ విమ్ సెట్టింగ్స్ ఫైల్‌లో 'సెట్ నోకంపాటిబుల్' అని ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది, లేదా పూర్తి విమ్ ఇన్‌స్టాల్ చేసుకోండి.

బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం సరిగ్గా చెరగని గొడవ కూడా ఇలాంటిదే. కొన్ని టెర్మినళ్లు కోడ్ 8 పంపితే, కొన్ని 127 పంపుతాయి.

అపోహ: లినక్స్‌లో నడిచిన సెడ్ (ఫైల్ తెరవకుండానే కమాండ్‌తో టెక్స్ట్ మార్చే ఎడిటర్) లైన్ మ్యాక్‌లోనూ నడుస్తుంది.

ఫైల్‌ను ఉన్నచోటే మార్చే 'మైనస్ ఐ' ఆప్షన్ దగ్గరే తేడా వస్తుంది. లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ సెడ్‌లో దాని పక్కన బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ సెడ్‌లకు మాత్రం అది ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే మీరు రాసిన మార్పునే ఎక్స్‌టెన్షన్ అనుకుని, ఫైల్ పేరును కమాండ్‌గా చదివి ఎర్రర్ ఇస్తాయి. 'మైనస్ ఐ'కి ఖాళీ వదలకుండా 'డాట్ బ్యాక్' అతికించి రాస్తే రెండుచోట్లా నడుస్తుంది, పాత ఫైల్ కాపీ కూడా మిగులుతుంది.