స్ట్రాటజీ గేముల్లో విలన్ పక్షం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. గిరాకీ అంతా షూటింగ్ గేములకే. అయినా ఓ మూలనున్న పాత సిస్టమ్‌లు మాత్రం స్ట్రాటజీ గేములకే వదిలేశాను: స్టార్‌క్రాఫ్ట్, వార్‌క్రాఫ్ట్, కమాండ్ అండ్ కాంకర్ లాంటివి. చదరంగంలో ఉన్నట్టు వంతులు వీటిలో ఉండవు. అందరూ ఒకేసారి గనులు తవ్వుకోవాలి, బేస్ కట్టుకోవాలి, సైన్యాన్ని నడపాలి. నేను ఏ గేమ్ ఆడినా చెడ్డ పక్షమే తీసుకుంటాను. కొత్త కుర్రాళ్లకి నేర్పేటప్పుడు అవతల విలన్‌గా కూర్చునేదీ నేనే. ఈ పక్షం గురించి సెంటర్‌లో రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులివి.

అపోహ: విలన్ పక్షమంటే మంద. పోగేసి తోలేస్తే చాలు, బుర్రతో పనిలేదు.

ఈ మాటన్నవాళ్లని పక్కన కూర్చోబెట్టి ఒక్క ఆట ఆడించాలనిపిస్తుంది. అన్ని పక్షాల్లోకీ ఎక్కువ లెక్కలు వేసుకోవాల్సింది ఇదే.

1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో జెర్గ్ అనే పురుగుల జాతి ఉంది. మనుషుల పక్షమైన టెర్రన్‌కి పనివాడు ఒక కట్టడంలో తయారవుతాడు, సైనికుడు ఇంకో కట్టడంలో తయారవుతాడు. రెండు పనులూ ఒకేసారి సాగుతాయి. జెర్గ్‌కి ఆ వీల్లేదు. హ్యాచరీ అనే గూటి చుట్టూ లార్వాలు పుడతాయి, ఒక హ్యాచరీకి మూడుకి మించి చేరవు. గని తవ్వే డ్రోన్ కావాలన్నా, కరిచే జెర్గ్‌లింగ్‌లు కావాలన్నా ఆ లార్వానే వాడాలి. 50 మినరల్స్ (గనిలో తవ్వేవి, ఆటలో డబ్బు ఇవే) పెడితే ఒక లార్వా ఒక డ్రోన్ అయినా అవుతుంది, రెండు జెర్గ్‌లింగ్‌లైనా అవుతుంది. ఏది చెయ్యాలన్న ప్రశ్న ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా వదలదు. అన్నీ సైన్యానికే పెడితే నాలుగు నిమిషాల్లో జేబు ఖాళీ. అన్నీ డ్రోన్‌లే చేస్తే అవతలివాడొచ్చి ఊడ్చేస్తాడు.

కట్టడాల సంగతి ఇంకా ఘోరం. టెర్రన్ పనివాడు బ్యారక్స్ కట్టేసి మళ్లీ గనిలోకి పోతాడు. నా డ్రోన్ తానే కట్టడంగా మారిపోతుంది, ఇక తిరిగి రాదు. జెర్గ్‌లింగ్‌లు కావాలంటే ముందు ఉండాల్సిన కట్టడం స్పానింగ్ పూల్, దాని ఖరీదు 200 అని తెర మీద కనిపిస్తుంది గానీ, నిజంగా నాకయ్యే ఖర్చు ఆ 200, ఆ డ్రోన్, అది ఉండి ఉంటే ఆట చివరిదాకా తవ్వి తెచ్చే మినరల్సూ.

కుర్రాళ్లు అందరికంటే ముందు నేర్చుకునే ఎత్తు ఒకటుంది. మొదట ఉన్న నాలుగు డ్రోన్‌లతోనే పూల్ వేసేసి, ఆరు జెర్గ్‌లింగ్‌లతో ఎదుటి బేస్ మీద పడటం. కొత్తవాడి మీద భలే పనిచేస్తుంది. కాస్త తెలిసినవాడైతే కంగారుపడడు, పనివాళ్లని ఒక గుంపు చేసి ఎదురు నిలబెడతాడు. ఆ ఆరూ చచ్చాక నా వైపు చూస్తే గనిలో మనిషి లేడు, చేతిలో మినరల్ లేదు. మంద పంపితే గెలుస్తామనుకునేవాళ్లు అక్కడే కుర్చీ దిగిపోతారు.

వార్‌క్రాఫ్ట్ 3లో అన్‌డెడ్, అంటే లేచి తిరిగే శవాల పక్షానిది ఇంకో రకం లెక్క. వాళ్ల గాయాలు వాటంతటవి మానేది వాళ్లు నల్లబరిచిన నేల మీదే. కాబట్టి కొట్టి రావడం ఎంత ముఖ్యమో, వెనక్కొచ్చే దారి అంత ముఖ్యం. నెక్రోమాన్సర్ అనే మాంత్రికుడు ఒక శవం నుంచి రెండు అస్థిపంజరాల్ని లేపుతాడు. శవం మనదా, అవతలివాడిదా అన్న పట్టింపు వాడికి లేదు. అందుకే పోరు ఎక్కడ జరగాలో ముందే అనుకోవాలి, శవాలు పడేదీ అస్థిపంజరాలు లేచేదీ అక్కడే. అవి ఎక్కువసేపు నిలవవు కూడా, కాసేపటికి వాటంతటవే కూలిపోతాయి. ఆ కాసేపట్లోనే పని కానివ్వాలి. నాకు మరీ ఇష్టమైనది ఇంకోటుంది: ఎకోలైట్ అనే పనివాణ్ణి ఒకణ్ణి బలిగుంటలోకి పంపితే వాడు షేడ్ అనే కనబడని నీడగా బయటికొస్తాడు. దెబ్బ కొట్టలేడు, కానీ ఎదుటి బేస్‌లో నిలబడి అంతా చూస్తుంటాడు. ఒక పనివాణ్ణి పోగొట్టుకుని ఒక కన్ను కొనుక్కోవడం లాభమా నష్టమా? అవతలివాడు ఏం చేస్తున్నాడో అర్థంకాక ఓడిపోయిన ఆటలు చూసినవాడిగా, నేను లాభమనే అంటాను.

అపోహ: విలన్‌కి బాధ్యతలుండవు.

1997లో వచ్చిన డంజన్ కీపర్ ఆడి చూడండి. నేలమాళిగకి నువ్వే అధిపతివి, మంచి వీరులొచ్చి నీ మీద పడతారు. నీ రాక్షసులకి పడుకోవడానికి చోటు చూడాలి, తినడానికి కోళ్లు పెంచాలి, జీతాల రోజున బంగారం పంచాలి. డబ్బు లేదంటే అలుగుతారు, మరీ ముదిరితే వదిలేసి పోతారు. మా వీధిలో టిఫిన్ సెంటర్ ఆయనకి ఒకసారి ఇది చూపిస్తే, 'ఏటి బాబూ, ఇది ఆటా? నేను రోజూ సేసేదిదే కదా' అన్నాడు.

అపోహ: చెడ్డ పక్షం ఆడితే పిల్లలు చెడిపోతారు.

'మావోడు ఎప్పుడూ రాక్షసుల పక్కే ఆడతన్నాడంట, కాస్త మంచోళ్ల పక్కన కూకోబెట్టు నాయినా' అని అడిగిన అమ్మలున్నారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారెయ్యను. అయితే మా ఊళ్లో పద్యనాటకం చూసినవాళ్లకి తెలుసు, దుర్యోధనుడి వేషం కట్టినాయనకి పడినన్ని వన్స్‌మోర్‌లు ఇంకెవరికీ పడవు. వేషం తీసేశాక ఆయన్ని పిలిచి టీ ఇప్పించేదీ ఆ జనమే.

ఆట సంగతికొస్తే, నేను గేముల్లో చేసిన అతి ఘోరమైన పని హీరో పక్షాన ఉండగా చేసిందే. 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3లో మొదటి కథకి ఆర్థస్ అనే రాకుమారుడు మన నాయకుడు. స్ట్రాథోమ్ అనే ఊళ్లో జనం తెగులు పట్టిన ధాన్యం తిన్నారు, ఇక శవాలుగా మారిపోతారు. మారకముందే ఊరంతటినీ చంపేద్దామంటాడు ఆర్థస్. గురువులాంటి ఉథర్ ఒప్పుకోడు, తోడున్న మాంత్రికురాలు జైనా చూడలేనని వెళ్లిపోతుంది. ఆడేవాడికి మాత్రం వెళ్లిపోయే వీలు లేదు. తెర మీద రెండు లెక్కలు నడుస్తుంటాయి, ఒకటి మనది, ఒకటి మాల్‌గానిస్ అనే రాక్షసుడిది. ఎవరు ముందు వంద చేరితే వాళ్లది గెలుపు. ఆ మిషన్ దగ్గర కుర్రాళ్లు మాట్లాడుకునేదంతా వేగం గురించే: ఏ సందులో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఎటు తిరిగితే లెక్క పెరుగుతుంది. మంచి పక్షమన్న బోర్డు ఉంది కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించరు. తర్వాతి కథలో అదే ఆర్థస్ శవాల సైన్యానికి నాయకుడవుతాడు. అక్కడ చేస్తున్నది చెడ్డపనే అని మొదటి మాట నుంచీ ఆట చెబుతూనే ఉంటుంది.

మీవాడు ఏ పక్షం ఆడుతున్నాడో అడగకండి, ఎన్ని గంటలు ఆడుతున్నాడో అడగండి. ఆ విషయంలో మాత్రం నేను అమ్మల పక్షమే. పరీక్షల ముందు పదో తరగతి వాళ్లని సెంటర్‌లోకి రానివ్వను.

అపోహ: విలన్ కథ అసలు కథ పూర్తయ్యాక ఇచ్చే కొసరు.

కాదు. 1992లో వచ్చిన డ్యూన్ 2లోనే విలన్లైన హార్కోనెన్ వంశం తరఫున ఆడొచ్చు. 1994 వార్‌క్రాఫ్ట్‌లో ఓర్క్‌లనే రాక్షసులకి వేరే కథ ఉంది. 1995లో కమాండ్ అండ్ కాంకర్ తెచ్చిన బ్రదర్‌హుడ్ ఆఫ్ నాడ్ నాయకుడు కేన్‌ని అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు, ఎదుటి పక్షం జనరల్ పేరు అడిగితే తడుముకుంటారు. కేన్‌గా నటించిన జో కూకన్ ఆ వీడియో సన్నివేశాలకి దర్శకుడు కూడా.

అపోహ: గేమే విలన్‌కి ఎక్కువ బలం ఇస్తుంది.

కంప్యూటర్ విలన్‌గా ఉన్నప్పుడు కొన్నిచోట్ల నిజమే. స్టార్‌క్రాఫ్ట్ 2లో కంప్యూటర్‌కి పెట్టే పై స్థాయిల పేరే చీటర్. ఒకదానికి మ్యాప్ అంతా కనబడుతుంది, దాని పైదానికి మినరల్స్ కూడా ఎక్కువొస్తాయి. అదే పక్షాన్ని మనిషి ఆడితే ఇవేవీ ఉండవు.

అపోహ: విలన్ కోట కట్టుకుని లోపల కూర్చుంటాడు, మంచివాళ్లే వచ్చి కొట్టాలి.

సినిమా విలన్‌కి అది చెల్లుతుంది. నాడ్ పక్షం తీసుకుని అలా కూర్చుంటే చచ్చామే. వాళ్ల గట్టి కాపలా ఒబెలిస్క్ ఆఫ్ లైట్, ఎర్రటి కాంతితో ఒక్క దెబ్బకి మనుషుల్ని మాడ్చేస్తుంది. కానీ దానికి కరెంటు కావాలి. పవర్ ప్లాంట్లు పడగొడితే అది వట్టి స్తంభమే. కరెంటు పోతే ఏమవుతుందో మా వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ చూసినవాళ్లం. పైగా ఎదుటి పక్షానికున్న మామత్ ట్యాంకు లాంటి బండ బండి నాడ్‌కి లేదు. ఉన్నవి బైకులు, బగ్గీలు, కనబడకుండా తిరిగే స్టెల్త్ ట్యాంకులు. అంటే ఈ విలన్ తిరుగుతూ ఉండాలి. గనికి పోయే హార్వెస్టర్‌ని ఇటు కొట్టి, వాళ్లు ఇటు వచ్చేలోపు అటు పవర్ ప్లాంటు మీద పడాలి. ఎదురెదురు నిలబడి పోరాడే ఘడియ ఎంత ఆలస్యమైతే అంత మంచిది.

ఇక్కడ మా ఊరి కథ ఒకటి చెప్పుకోవాలి. బొబ్బిలి యుద్ధం బుర్రకథగా వింటే విలన్ ఎవరు? మా విజయనగరం రాజే. ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకుని 1757 జనవరిలో బొబ్బిలి మీదికి పోయాడు. మట్టికోట ఫిరంగులకి ఆగలేదు. లోపలున్నవాళ్లు లొంగలేదు, ఆడవాళ్లనీ పిల్లల్నీ శత్రువుకి చిక్కనివ్వక తామే చంపుకుని, పోరాడి పోయారు. కోట దక్కింది. తర్వాత ఓ రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలోకి చొరబడి విజయరామరాజుని పొడిచి చంపాడు. కుర్రాళ్లకి ఈ కథని స్ట్రాటజీ గేమ్‌లా చెబితే వెంటనే పట్టేస్తారు: సైన్యమంతా ముందుకి పోయింది, సొంత బేస్‌లో కాపలా లేదు, ఒక్క యూనిట్ వచ్చి ఆట ముగించేసింది. విలన్ పక్షంలో నేను చూసిన ఓటముల్లో చాలావరకు ఈ రకమే, అదీ గెలుస్తున్నామన్న ఊపులో ఉన్నప్పుడే. (ఆ రాజు చెల్లెలే పైడితల్లి అమ్మవారని మా ఊరి నమ్మకం. బుర్రకథ విని బొబ్బిలి కోసం ఏడ్చినవాళ్లే సిరిమానోత్సవానికి కోట ముందు నిలబడి దండం పెడతారు.)

అపోహ: విలన్‌గా కూర్చోవడమంటే అవతలివాణ్ణి ఏడిపించడం.

కొత్తవాళ్లు ముగ్గురు ఒక జట్టు, నేనొక్కణ్ణి అవతల. మా సెంటర్‌లో నేర్పే పద్ధతిదే. ఇందులో గెలవడం నాకు కష్టం కాదు. వాళ్లకి భయం పుట్టాలి, కానీ దారి కనబడాలి. అది కష్టం.

మొదటి దాడి చిన్నదిగా పంపుతాను, అదీ వాళ్లు చూస్తున్నప్పుడే. నాలుగు జెర్గ్‌లింగ్‌లు వచ్చి చస్తే, నేను ఏ వైపు నుంచి వస్తానో వాళ్లకి తెలిసిపోతుంది. అటు బంకర్ కట్టుకుంటారు. దాన్ని నేనే కట్టించానని వాళ్లకి తెలియదు. తర్వాత ఒక ఓవర్‌లార్డ్‌ని మెల్లగా వాళ్ల బేస్ మీదికి తోలుతాను. అది ఎవర్నీ ఏమీ చెయ్యదు, ఊరికే గాల్లో తేలుతూ చూస్తుంటుంది. కానీ దాన్ని చూశాక ముగ్గురి టెన్షన్ చూడాలి! 'ఒరే, సూస్తన్నాడ్రా' అని ఒకడరుస్తాడు. అంతవరకూ ఎవడి బేస్ వాడే చూసుకున్న ముగ్గురూ అక్కణ్ణుంచి మాట్లాడుకోవడం మొదలుపెడతారు.

కొన్ని పనులు చెయ్యను. లర్కర్ అనే జెర్గ్ పురుగు నేలలోకి దూరితే కనబడదు, కింద నుంచి ముళ్లతో పొడిచేస్తుంది. మిసైల్ టరెట్, సైన్స్ వెసెల్ లాంటి దాగినవాటిని పట్టేవి ఉంటేనే అది కనిపిస్తుందని తెలియనివాళ్ల మీద లర్కర్లు దింపితే, ఎందుకు చస్తున్నామో కూడా వాళ్లకి అర్థం కాదు. అవి చూపించి చెప్పిన తర్వాతే లర్కర్ బయటికి తీస్తాను. కావాలని ఓడిపోవడం కూడా చెయ్యను, పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు, ఆ గెలుపు వాళ్లకి చేదు. తగ్గించి ఆడాల్సి వస్తే ముందే చెబుతాను: 'ఇవాళ నాకు ఎగిరేవి లేవురా, కాచుకోండి.' తర్వాత మిగతావన్నీ మొహమాటం లేకుండా వాడతాను.

మాటలంటారా, మాట్లాడతాను. విలన్ నోరు మూసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? 'మీ గని నాకు భలే నచ్చిందర్రా' లాంటివి చాలు. ఇంట్లోవాళ్లని తిట్టినా, చేతకానివాడని ఒక్కణ్ణే పట్టుకుని ఎగతాళి చేసినా లేపి పంపేస్తాను, వాడు ఏ పక్షం ఆడుతున్నా సరే. ఆట అయ్యాక జీజీ (గుడ్ గేమ్) అనడం విలన్ వంతే ముందు. 'అన్నా, ఇంకోటేద్దాం' అని ఓడినవాడే అడిగితే నా పని బాగా అయినట్టు లెక్క.

అపోహ: ఇవి ఆడాలంటే ఖరీదైన కంప్యూటర్ కావాలి.

అక్కర్లేదు. మొదటి స్టార్‌క్రాఫ్ట్‌ని 2017 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. అందులో రెండో భాగం మొత్తం జెర్గ్ కథే, విలన్ పక్షం నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు కనబడలేదు. పాత కమాండ్ అండ్ కాంకర్ ఆటలకి ఓపెన్‌ఆర్ఏ ఉంది, అదీ ఉచితమే, లినక్స్ మీదా నడుస్తుంది. నాడ్‌ని అందులో మొదలుపెట్టొచ్చు. గ్రాఫిక్స్ కార్డు కొందామని దాచిన డబ్బులుంటే ముందు మంచి మౌస్, తర్వాత ఒక యూపీఎస్ కొనుక్కోండి. ల్యాన్‌లో నలుగురు ఆడుతుండగా ఒకడి సిస్టమ్ ఆరిపోతే మిగతా ముగ్గురి ఆటా పాడవుతుంది.