నక్క అంటే మోసమేనా? కథల్లో సాయం చేసే జంతువులు: అపోహలు, వాస్తవాలు

జానపద కథల పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను పట్టిక అడుగుతారు. నక్క దేనికి గుర్తు, చేప దేనికి, పావురం దేనికి? అలాంటి పట్టిక నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను.

అపోహ: ఒక్కో జంతువుకు ఒక్కో స్థిరమైన అర్థం ఉంటుంది.

నక్కనే చూడండి. నీతికథల్లో అది జిత్తులమారి. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల ‘బంగారు పక్షి’లో మాత్రం అడుగడుగునా రాకుమారుడికి దారి చెబుతుంది. పక్షిని కొయ్య పంజరంలోనే ఉంచు, పక్కనున్న బంగారు పంజరం జోలికి పోకు అంటుంది. అతడు వినడు, పట్టుబడతాడు. అయినా నక్క అతణ్ణి వదిలిపెట్టదు. చివరికి తన తల, పాదాలు నరకమని బతిమాలుతుంది. నరకగానే మనిషవుతుంది. రష్యన్ కథలో దాదాపు ఇదే పని బూడిదరంగు తోడేలుది, అదీ కథానాయకుడు ఇవాన్ గుర్రాన్ని చంపాక! ఒకే తీరు కథలకు ఒకే సంఖ్య ఇచ్చే అంతర్జాతీయ కథాసూచికలో ఈ రెంటికీ ఒకటే సంఖ్య, 550.

పాత్ర ఎవరన్నది కాదు, కథలో ఏం చేస్తుందన్నది చూడమని రష్యన్ జానపద పరిశోధకుడు వ్లదీమిర్ ప్రోప్ 1928లోనే చెప్పాడు. వీరుణ్ణి వేరే రాజ్యానికి చేర్చేది ఒక కథలో గద్ద, ఒక కథలో గుర్రం, ఇంకో కథలో పడవ. అలాగని స్థానిక నమ్మకాలకు విలువ లేదనను. జపాన్‌లో నక్క ఇనారి దేవత దూత, అక్కడి కథను ఆ సంగతి తెలిసి చదివితేనే రుచి.

అపోహ: పొందిన మేలుకు బదులుగానే జంతువులు సాయపడతాయి.

చాలా కథల్లో నిజమే. గ్రిమ్ ‘తెల్ల పాము’లో సేవకుడు రెల్లులో చిక్కిన చేపలను నీళ్లలో వదులుతాడు, చీమలను తొక్కకుండా పక్కకు తప్పుకుంటాడు. అవి తరువాత సముద్రంలో పడ్డ ఉంగరం తెచ్చిస్తాయి, గడ్డిలో చల్లిన ధాన్యం ఏరిపెడతాయి. కానీ ఆకలిగొన్న కాకి పిల్లల కోసం అతడు తన గుర్రాన్నే చంపేస్తాడు. ఆ గుర్రం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తరు. దీన్ని ‘జీవకారుణ్య కథ’ అని చెప్పేవాళ్లు ఈ ఒక్క పేరా చదివినట్టు లేదు. పైగా రెండో శతాబ్దపు లాటిన్ కథలో సైకీ అనే అమ్మాయికి గింజలు వేరుచేసిపెట్టిన చీమలు ఆమెకు ఏమీ బాకీ లేవు. జాలిపడ్డాయి, అంతే.

అపోహ: సిండ్రెల్లాకు సాయం చేసేది దేవత.

ఆ దేవత ఉన్నది ఫ్రెంచ్ రచయిత పెరో 1697 నాటి కథలో. గ్రిమ్ కథలో తల్లి సమాధి మీది చెట్టుకు వచ్చే తెల్ల పిట్ట. తొమ్మిదో శతాబ్దపు చైనా కథలో చేప. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. కథానాయిక యె షియాన్ వస్తేనే ఆ చేప తల పైకెత్తి గట్టు మీద ఆనిస్తుంది. సవతితల్లి ఆ పిల్ల బట్టలు కట్టుకుని, చేతి మడతలో కత్తి దాచుకుని వెళ్లి పిలుస్తుంది. చేప వస్తుంది. చంపి, వండుకు తిని, ఎముకలు పేడకుప్ప కింద పాతేస్తుంది. ఇక్కడితో సాయం ఆగిపోవాలి కదా? ఆ ఎముకలే యె షియాన్ కోరినవన్నీ ఇస్తాయి. ఆమెను పెళ్లాడిన రాజు అంతు లేకుండా కోరి, ఏడాది తిరిగేసరికి ఏమీ రాకపోవడంతో వాటిని ముత్యాలతో కలిపి సముద్రం ఒడ్డున పాతిపెడతాడు. తరువాత అలలు వాటిని తీసుకుపోతాయి.