ఈ ఛానల్ ఎవరిది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈటీవీని రిలయన్స్ ఎప్పుడో కొనేసింది.

వాస్తవం: 2014లో, అదే ఏడాది రిలయన్స్ చేతికొచ్చిన టీవీ18 నూటికి నూరు శాతం తీసుకున్నది ఈటీవీ హిందీ, ఉర్దూ వార్తా ఛానళ్లను. కన్నడ, మరాఠీ, బంగ్లా లాంటి వినోద ఛానళ్లలో సగం తీసుకుంది. తెలుగు ఛానళ్లలో దక్కింది 24.5 శాతమే. కంపెనీలో ప్రత్యేక తీర్మానాన్ని (75 శాతం ఓట్లు కావాల్సినదాన్ని) అడ్డుకోవాలంటే 25 శాతం దాటాలి. విడిగా ఒప్పందం రాసుకుంటే తప్ప ఈ వాటా దానికీ చాలదు.

అపోహ: వాటా లేదంటే పట్టు లేనట్టే.

వాస్తవం: అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఎన్డీటీవీలో 29.18 శాతం ఆర్ఆర్‌పీఆర్ అనే ప్రమోటర్ (స్థాపకుల) కంపెనీ పేరిట ఉండేది. ఆ కంపెనీ 2009-10లో వీసీపీఎల్ అనే మరో కంపెనీ దగ్గర రూ.403.85 కోట్లు అప్పు తీసుకుంది, బదులుగా వారంట్లు ఇచ్చింది. వారంటంటే, కావాలనుకున్నప్పుడు ముందే అనుకున్న ధరకు కంపెనీ షేర్లు తీసుకునే హక్కు. ఏళ్ల తరబడి షేర్‌హోల్డింగ్ పట్టికలో ప్రమోటర్ల పేర్లే కనబడ్డాయి. 2022 ఆగస్టు 23న అదానీ గ్రూపు వీసీపీఎల్‌ను కొని, అదే రోజు వారంట్లను బయటికి తీసింది. దాంతో 29.18 శాతం చేతులు మారింది. 25 శాతం గీత దాటినందుకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం మరో 26 శాతానికి ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లు కొంటామన్న బహిరంగ ప్రతిపాదన) ఇవ్వాల్సి వచ్చింది. డిసెంబరు ఆఖరుకి అదానీ వాటా 64.71 శాతం.

అపోహ: ఇవన్నీ మామూలు జనానికి దొరికే కాగితాలు కావు.

వాస్తవం: దొరుకుతాయి, ఓపిక కావాలంతే. ముందు కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సిన్ నంబరు చూడండి. ‘ఎల్’తో మొదలైతే లిస్టెడ్ కంపెనీ, మూడు నెలలకోసారి వాటాల పట్టిక స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లో ఉచితం. ‘యూ’ అయితే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో రూ.100 కట్టి పత్రాలు తెరవాలి. వార్షిక రిటర్న్ అయిన ఎంజీటీ-7లో వాటాదారులను చూస్తారు సరే, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏటా లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారానికి జతచేసిన పత్రాల్లో ‘దీర్ఘకాలిక అప్పులు’ నోట్ కూడా చదవండి. ‘కన్వర్టిబుల్’ (షేర్లుగా మార్చుకోదగ్గది), ‘వారంట్’ అన్న మాటలు కనబడితే అప్పిచ్చిన కంపెనీ పత్రాలూ తీయాలి. వాటాదారు ఇంకో కంపెనీ అయితే మనిషి పేరు తగిలేదాకా పైకి వెళ్లాలి. ట్రస్టు అడ్డొస్తే మాత్రం దారి దాదాపు మూసుకుపోయినట్టే.

అపోహ: మీడియా సంస్థ మరీ పెద్దదైతే పోటీ కమిషన్ (సీసీఐ) ఆపుతుంది.

వాస్తవం: సీసీఐ చూసేది మార్కెట్లో పోటీని. వార్తల్లో ఎన్ని గొంతులు మిగిలాయన్నది దాని లెక్కలోకి రాదు. 2024లో రిలయన్స్-డిస్నీ విలీనం దాని దగ్గరికి వెళ్లినప్పుడు గట్టిగా నలిగింది క్రికెట్ ప్రకటనల గురించే.

గొంతుల కోసం టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టులోనే ఒక కొలత చెప్పింది. ఒక్కో సంస్థ మార్కెట్ వాటాను వర్గం చేసి కూడాలి. నలుగురికి 40, 30, 20, 10 శాతం ఉంటే 1600+900+400+100, మొత్తం 3000. 1800 దాటితే మార్కెట్ కొద్దిమంది చేతుల్లో ఉన్నట్టు. టీవీ, పత్రిక మార్కెట్లు రెండూ ఆ గీత దాటితే, ఒక దాంట్లో సొంత వాటా వర్గమే 1000కి మించిన సంస్థ రెండో దాంట్లోనూ మించకూడదు. అంటే సుమారు 32 శాతం వాటా. ఇక్కడ మార్కెట్టంటే దేశం మొత్తం కాదు, ఒక్కో భాష, ఆ భాష మాట్లాడే రాష్ట్రాలు. తెలుగుకు లెక్క తెలుగులోనే కట్టాలి. ఆ సిఫార్సు ఇంకా చట్టం కాలేదు.