నూడుల్స్ ప్యాకెట్ తిప్పి చూడండి: కొన్ని అపోహలు, అసలు సంగతులు

కొరియా, జపాన్, ఇండోనేషియా, నేపాల్... ఎక్కడి ఇన్‌స్టంట్ నూడుల్స్ దొరికినా తెచ్చుకుని, వండి, తిని, రివ్యూ రాయడం నా పని. ఈ పని మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, జనం రుచి గురించి అడిగేది తక్కువ, భయాల గురించి అడిగేది ఎక్కువ. వాటిలో సగానికి జవాబు ప్యాకెట్ వెనకే ఉంటుంది. మిగతా సగం వాట్సాప్ పుణ్యం.

అపోహ: నూడుల్స్ మీద మైనం పూత ఉంటుంది

లేదు. 1958 ఆగస్టు 25న జపాన్‌లో నిస్సిన్ సంస్థ వ్యవస్థాపకుడు మొమోఫుకు అండో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ 'చికెన్ రామెన్' అమ్మకానికి తెచ్చారు. ఆయన పద్ధతి సింపుల్: ఉడికిన నూడుల్స్‌ను వేడి నూనెలో వేయించడం. లోపలి నీరు ఆవిరై బయటికి పోయేటప్పుడు సన్నటి రంధ్రాలు మిగులుతాయి. తర్వాత మనం వేడి నీళ్ళు పోస్తే అవి ఆ రంధ్రాల్లోంచే లోపలికి వెళ్తాయి, నూడుల్స్ నిమిషాల్లో మెత్తబడతాయి. మనకు కనిపించే మెరుపు ఆ నూనెది. చాలా రకాల్లో కనిపించే పసుపు రంగు పిండిలో కలిపే క్షార లవణాల వల్ల వస్తుంది. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ అని లేబుల్ మీదే రాసి ఉంటుంది. నూనె వద్దనుకునేవాళ్ళకు వేడి గాలిలో ఆరబెట్టిన రకాలు కూడా దొరుకుతున్నాయి. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి కొవ్వు అంకెలు చూస్తే తేడా తెలిసిపోతుంది.

అపోహ: మొదటి నీళ్ళు పారబోసి వండితే ఆరోగ్యం

మైనం కథకు ఇది కొనసాగింపు. నీళ్ళు పారబోయాలా వద్దా అన్నది భయాన్ని బట్టి కాదు, రకాన్ని బట్టి ఉంటుంది. కొరియా షిన్ రామ్యన్ సూప్ రకం. 550 మిల్లీలీటర్ల నీళ్ళలో పొడి, నూడుల్స్ కలిపి మరిగించాలి, ఆ నీళ్ళే సూప్. ఇండోనేషియా ఇండోమీ మీ గోరెంగ్ పొడి రకం. నూడుల్స్ ఉడికాక నీళ్ళు వంపేసి, పళ్ళెంలో తీపి సోయా సాస్, కారం, మసాలా నూనె కలుపుకోవాలి.

ఘాటు కారానికి పేరుపడ్డ కొరియా నూడుల్స్ బుల్డాక్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. అయిదు నిమిషాలు ఉడికించి, ఎనిమిది చెంచాల నీళ్ళు మాత్రం ఉంచి మిగతాది వంపేయాలి. తర్వాత సాస్ వేసి ఇంకో అర నిమిషం వేయించాలి. ఈ ఎనిమిది చెంచాలను లెక్కచేయకుండా గిన్నెడు నీళ్ళలో సాస్ కలిపేసి "చప్పగా ఉంది, ఊరికే హడావిడి" అని రాసిన రివ్యూలు చాలా చూశాను. జపాన్ కప్పు యాకిసోబా (సూప్ లేకుండా సాస్ కలుపుకుని తినే నూడుల్స్) ఇంకో తమాషా. దాని మూతకే చిల్లులుంటాయి. నీళ్ళు పోసి, మూడు నిమిషాలాగి, ఆ చిల్లుల్లోంచి వంపేశాకే సాస్ వేయాలి. ముందే వేస్తే డబ్బులు సింక్‌లోకి పోయినట్టే.

అపోహ: అజినొమోటో విషం

అజినొమోటో అంటే ఎంఎస్‌జీ, అంటే గ్లుటమేట్ లవణం. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టారు. పండిన టమాటాలో, బాగా మాగిన చీజ్‌లో సహజంగా ఉండేది కూడా ఈ గ్లుటమేటే. భయం మొదలైంది 1968లో, ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో. చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఆ ఉత్తరం సారాంశం. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలుగా తినే మోతాదులో అలాంటి హాని నిలకడగా రుజువు కాలేదు. పరగడుపున ఎక్కువ మోతాదులో తీసుకున్న కొద్దిమందికి మాత్రం కాసేపు తలనొప్పిలాంటివి కనిపించాయి.

'ఎంఎస్‌జీ కలపలేదు' అని అట్ట మీద రాసిన ప్యాకెట్లో ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉందేమో చూడండి. అందులోనూ గ్లుటమేటే ఉంటుంది. అసలు టెన్షన్ పడాల్సింది ఉప్పు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలంటుంది. కొన్ని కొరియా సూప్ రకాల్లో ఒక్క ప్యాకెట్‌లోనే 1,700 దాటుతుంది. అందులో చాలా భాగం సూప్‌లోనే ఉంటుంది కాబట్టి నేను రుచి చూడటానికి నాలుగు చెంచాలు తాగి మిగతాది వదిలేస్తాను. అంకెలు చదివేటప్పుడు అవి మొత్తం ప్యాకెట్‌కా, వంద గ్రాములకా, సగం ప్యాకెట్‌కా అన్నది కూడా చూసుకోవాలి.

అపోహ: గుంటూరు కారం తినేవాళ్ళకు కొరియా కారం ఒక లెక్కా?

ఈ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. కాగితం మీద నిజమే. కంపెనీ చెప్పే లెక్కన మామూలు బుల్డాక్ ఘాటు 4,404 స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే లెక్క), మూడు రెట్ల రకానిది 13,000 దాకా. ఎండు మిరప ఘాటు పదుల వేలల్లో ఉంటుంది. కానీ మిరపకాయను మనం ఎండుగా నమలం కదా. అది పప్పులోకీ పచ్చడిలోకీ వెళ్ళి, అన్నంలో, నెయ్యిలో పలచబడి, చివర్లో పెరుగుతో చల్లబడుతుంది. బుల్డాక్‌లో ఆ సాయం ఏమీ లేదు. చిక్కటి సాస్ ప్రతి నూడుల్‌కూ అంటుకుని ఉంటుంది. పైగా ముందు తీపి తగులుతుంది, మంట తర్వాత మెల్లగా ఎక్కుతుంది. మనవాళ్ళు తట్టుకోలేనిది చాలాసార్లు కారాన్ని కాదు, ఆ తీపినే.

2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార శాఖ మూడు రకాల బుల్డాక్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. జులైలో రెండిటికి మళ్ళీ అనుమతిచ్చింది, మూడు రెట్ల కారం రకానికి మాత్రం ఇవ్వలేదు. పిల్లల చేత పోటీకి తినిపించే వీడియోలు చూస్తుంటే వాళ్ళ భయం అర్థమవుతుంది. మంట పుడితే నీళ్ళు తాగినా లాభం లేదు. పాలో పెరుగో తీసుకోవాలి. కొరియాలో దీన్ని చీజ్‌తోనో అన్నం ముద్దతోనో కలిపి తినేది అందుకే. నా రివ్యూలో కారానికి మార్కులుండవు, ఎంత ఉందో చెప్పి ఊరుకుంటాను.

అపోహ: బ్రాండ్ ఒకటైతే రుచీ ఒకటే

ఒకే దేశంలో కూడా కాదు. జపాన్‌లో నిస్సిన్ వారి 'దోన్‌బెయ్' ఉడాన్ (లావు గోధుమ నూడుల్స్) కప్పుకు తూర్పు ప్రాంతానికి ఒక సూప్, పడమర ప్రాంతానికి ఇంకో సూప్. మీద చిన్నగా 'ఈ', 'డబ్ల్యూ' అక్షరాలుంటాయి. ఒసాకా వైపు లేత రంగు, కొంబు రుచి. టోక్యో వైపు ముదురు రంగు, ఎండు చేప రుచి. మలేషియా మ్యాగీ కర్రీ తిన్నవాళ్ళకు మన మసాలా మ్యాగీ వేరే వస్తువనిపిస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చే మనవాళ్ళ పెట్టెల్లో ఇండోమీ ఉంటే అది ఎక్కడ తయారైందో చూడండి. సౌదీలోనూ దాని ఫ్యాక్టరీ ఉంది. అందుకే రివ్యూలో తయారైన దేశం రాయకపోతే ఆ రివ్యూ సగమే.

అపోహ: విదేశాల్లో రోజూ వింత రుచులే తింటారు

చాక్లెట్ సాస్ యాకిసోబా జపాన్‌లో వచ్చిన మాట నిజమే, వాలెంటైన్స్ డే కోసం కొన్నాళ్ళు అమ్మారు. రోజూ అమ్ముడయ్యేవి సోయా, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), సీఫుడ్, కర్రీ. నాకు అసలైన వింతగా అనిపించేది నేపాల్ వాయ్‌వాయ్. మసాలా ముందే పట్టించి వేయించిన గోధుమరంగు నూడుల్స్ అవి. పొయ్యి అక్కర్లేదు. నలిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే మన మరమరాల మిక్చర్‌కు చుట్టమే. ఎవరైనా విదేశీ నూడుల్స్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే బుల్డాక్ కాదు, ఇదే చెబుతాను.

అపోహ: 'వెజిటబుల్' అని ఉంటే శాకాహారమే

అట్ట మీద క్యాబేజీ బొమ్మ ఉన్నా సూప్ పొడిలో గొడ్డు మాంసమో చేపో ఉండొచ్చు. కిమ్చి (కొరియా క్యాబేజీ పచ్చడి) రుచి అన్నా అంతే. హలాల్ గుర్తుకు శాకాహారంతో సంబంధం లేదు. ఆకుపచ్చ చుక్క మన దేశపు గుర్తు. ఇక్కడ చట్టప్రకారం అమ్మే దిగుమతి ప్యాకెట్ మీద అది ఉండాలి, బంధువులు పెట్టెలో తెచ్చిన దాని మీద ఉండదు. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్ళకు తైవాన్ శాకాహార నూడుల్స్ బాగా పనికొస్తాయి. అక్కడి బౌద్ధ శాకాహారులు కూడా ఉల్లి, వెల్లుల్లి తినరు. ఉల్లి, వెల్లుల్లి కలిపిన శాకాహారమైతే ఆ సంగతి విడిగా రాస్తారు.

అపోహ: ఎన్నాళ్ళైనా పాడవవు

నూనెలో వేయించినది ఏదైనా పాడవుతుంది. జపాన్ ప్యాకెట్ నూడుల్స్‌కు సాధారణంగా ఇచ్చే గడువు ఎనిమిది నెలలు, కప్పుకు ఆరు. ఓడెక్కి మన షాపుకు వచ్చేసరికి అందులో చాలా భాగం అయిపోయి ఉంటుంది. సగం ధర ఆఫర్ పెట్టారంటే ముందు తేదీ చూడండి. కవర్ విప్పగానే పాత నూనె వాసన వస్తే వండకండి. ఇంకో మాట, కొరియా, జపాన్‌లలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. 26.03.08 అంటే 2026 మార్చి 8.