బల్ల మీద ఊరికే ఉన్న ఫోను 9.8 అంటోందేమిటి?

పదో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "సార్, ఫైఫాక్స్ యాప్ వేసుకున్నాను. ఫోను బల్ల మీద కదలకుండా ఉన్నా త్వరణం 9.8 చూపిస్తోంది. పైనుంచి వదిలితే మాత్రం సున్నా అంటోంది. సెన్సర్ తిరగబడిందా?"

సెన్సర్ బాగానే ఉంది నాయనా, తిరగబడింది మేం చెప్పిన పాఠం.

ఫైఫాక్స్ అంటే 2016లో జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు విడుదల చేసిన ఉచిత యాప్. అది ఎలా వాడాలో పిల్లలే నాకు నేర్పుతారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. నాకు ఇష్టమైనది ఫోను లోపలి యాక్సెలరోమీటర్, అంటే త్వరణం కొలిచే సెన్సర్. రెండు మూడు మిల్లీమీటర్ల చిప్పులో, సిలికాన్‌తోనే చెక్కిన స్ప్రింగుల మధ్య ఓ సిలికాన్ ముక్క వేలాడుతుంటుంది. దాని అంచున దువ్వెన పళ్ళు. వాటి సందుల్లోకి, తగలకుండా, కదలని ఇంకో దువ్వెన పళ్ళు. ముక్క జరిగితే సందు మారుతుంది, సందు మారితే కెపాసిటెన్సు, అంటే ఆ పళ్ళు విద్యుదావేశాన్ని నిలవ చేసుకునే శక్తి, మారుతుంది. ఫోను చూపించే అంకె దాన్నుంచి వచ్చిందే. ఆ జరగడం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు.

బల్ల మీది ఫోనును భూమి లాగుతూనే ఉంది, బల్ల ఆపుతోంది. లోపలి ముక్కనూ లాగుతోంది, దాన్ని ఆపాల్సింది స్ప్రింగే. పాపం, అది సాగుతుంది. ఆ సాగుడే 9.8. చెయ్యి వదిలేశామా, ఫోనూ ముక్కా ఒకే తీరున పడతాయి. స్ప్రింగుకు పని లేదు, రీడింగు సున్నా. అంటే ఈ సెన్సర్‌కి గురుత్వం తెలియదు, బల్ల నెట్టడమే తెలుసు. మన ఒంటికీ అంతే. పైకప్పు మీంచి పడే మనిషికి తన బరువు తెలియదని 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చున్న ఐన్‌స్టీన్‌కి తట్టింది. ఆయనకు ఫోను లేదు.

దిండ్లు పరిచి, 80 సెంటీమీటర్ల పైనుంచి ఫోను వదలండి. సెకనుకు 100 రీడింగులు తీసే ఫోనైతే సున్నా దగ్గర సుమారు 40 చుక్కలు పడతాయి, అంటే 0.40 సెకన్లు. ఎత్తుకు రెట్టింపును కాలవర్గంతో భాగిస్తే 10 వస్తుంది. ఒక్క చుక్క ఎక్కువైతే 9.5, తక్కువైతే 10.5. ఏది వస్తే అదే రాయండి. మా రోజుల్లో లోలకం ప్రయోగానికి రికార్డులో 980 (ఇదే 9.8, సెంటీమీటర్లలో) ముందే రాసేసి, రీడింగులు వెనక్కి లెక్కకట్టేవాళ్ళం. నేనూ కట్టాను, పదికి పది వేశారు.

ఫోనులో అయస్కాంత సెన్సరూ ఉంది. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం 40 మైక్రోటెస్లాలకు (టెస్లాలో పది లక్షల వంతు ఒక మైక్రోటెస్లా) కాస్త అటూఇటూ చూపిస్తుంది. ఉత్తరాన తల పెడితే రక్తంలోని ఇనుమును లాగేస్తుందని "సైన్సు" చెప్పే పెద్దమనుషులకు ఆ అంకె చూపించండి. ఎమ్మారై యంత్రంలో 1.5 టెస్లాలు, అంటే 37 వేల రెట్లకు పైనే. అందులో అరగంట పడుకున్నవాళ్ళు లేచి ఇంటికొస్తున్నారు. రక్తంలో ఇనుము మేకులో ఇనుము లాంటిది కాదు.

సరే, అసలు పండగ ఉయ్యాల దగ్గర. అట్లతద్దికి చెట్టుకొమ్మకు రెండు తాళ్ళతో కట్టే ఉయ్యాల కావాలి. నాలుగు కొక్కేలకు నాలుగు గొలుసులు నిటారుగా వేలాడే ఇంటి ఉయ్యాల బల్ల పనికిరాదు, ఊగినా అది వాలదు. పీట మీద ఫోనును తువ్వాలుతో కట్టి, 45 డిగ్రీలు వెనక్కి లాగి వదిలేయండి. ఎవరూ ఎక్కకూడదు. యాప్ మూడు దిక్కులకు మూడు గీతలు గీస్తుంది. వాటిలో తాడు వెంట ఉన్న గీత అడుగున 15.5 దాకా లేస్తుంది, చివర్లలో 6.9కి దిగుతుంది. గుండె జారినట్టుండేది అక్కడే. ఇప్పుడు ముందుకీ వెనక్కీ ఉన్న గీత చూడండి. ఉయ్యాల పరిగెత్తేది ఆ దిక్కులోనే, అయినా అక్కడ దాదాపు సున్నా! ఆ దిక్కున పీటను నెట్టేది గురుత్వమొక్కటే, అది ఫోనునూ లోపలి ముక్కనూ సమానంగా నెడుతుంది. స్ప్రింగు సాగదు. తాడు లాగుడు తాడు వెంటే ఉంటుంది కాబట్టి సెన్సర్‌కి తెలిసేది అదొక్కటే. ఫోను బదులు గ్లాసుతో నీళ్ళు పెట్టినా అందుకే తొణకవు.

యాప్‌లో "జీ లేకుండా" అనే గ్రాఫు తెరవకండి, అందులో ఫోను తన లెక్కతో గురుత్వాన్ని తీసేసి చూపిస్తుంది. ఒకవేళ ఆ సున్నా గీత కూడా తాడు గీతతో పాటే లేస్తూ దిగుతూ ఉంటే, ఫోను పీట మీద ముందుకో వెనక్కో వాలి ఉందన్నమాట. కింద కాగితం మడిచి దోపి, మళ్ళీ వదలండి.